మా ఆవిడ తల బొమ్మలు

మా ఊళ్ళో రోగిని చూడ్డానికి వచ్చేవాళ్ళంటే నాకు అప్పుడూ ఏవగింపే, ఇప్పుడూ ఏవగింపే. తొంభైలలో నేను చోడవరం హైస్కూల్లో సైన్సు మాస్టరుగా ఉండేవాణ్ణి. ఎవరింట్లో ఎవరికి ఒంట్లో బాగోలేదన్నా సాయంత్రానికి ఓ రొట్టె ప్యాకెట్టు, నాలుగు బత్తాయిలు పట్టుకుని జనం దిగిపోయేవారు. దిగి, కుర్చీలో కూచుని, మంచినీళ్ళు తాగి, మనిషికి ఎలా ఉందని అడక్కముందే "ఫొటోలు తీసేరంట గదా, ఏవీ?" అనేవారు. ఫొటోలంటే ఎక్స్‌రేలు. చెయ్యి విరిగితే చేతి బొమ్మ, దగ్గొస్తే ఛాతీ బొమ్మ. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, వెలుతురుకి ఎత్తి పట్టుకుని, పెళ్ళికూతురి నగలు చూసినంత శ్రద్ధగా చూసేవారు. జంతికలు తిన్న వేళ్ళతోనే పట్టుకునేవారు. ఒకాయన మా ఇంట్లో కిళ్ళీ నములుతూ ఫిల్ము చూసి, ఏదో అనబోయి దాని మీద ఎర్రగా తుంపర చిందించి, తుడుస్తానని చొక్కా కొసతో ఇంకా పులిమేశాడు. ఆ ఫిల్ము మా ఆవిడ తలది.

దాని కథ ఎడమ చెవిలో హోరుతో మొదలైంది. స్టవ్ ఆర్పేసినా కుక్కరు ఇంకా కూస్తున్నట్టే ఉందనేది. అప్పుడప్పుడు కళ్ళు తిరిగి గుమ్మం పట్టుకుని నిలబడిపోయేది. అనకాపల్లిలో చెవి డాక్టరు దగ్గరికి రెండు నెలలు తిరిగాం. చుక్కల మందులన్నీ అయిపోయాక ఆయన మమ్మల్ని విశాఖపట్నం పంపాడు. అక్కడ ఎమ్మారై మిషను కొత్తగా వచ్చిన రోజులు. ఇనప వస్తువులు ఏవీ ఉండకూడదని జడపిన్నులు కూడా తీయించి ఆవిణ్ణి గొట్టంలోకి తోశారు. ముప్పావుగంట తరవాత బయటికొచ్చి, "రేకుల షెడ్డు కింద పడుకోబెట్టి పైన రాళ్ళేసినట్టుందండి" అంది.

రెండు పెద్ద ఫిల్ములిచ్చారు. ఒక్కోదాని మీద పన్నెండేసి తలలు, పైనుంచి కిందికి ముక్కలు చేసి పేర్చినట్టు. వాటితోపాటు ఒక కాగితం. ఎడమ చెవి నరం దగ్గర చిన్న గడ్డ ఉందని దాని సారాంశం. ఆ కాగితం చూసి మెదడు ఆపరేషన్లు చేసే డాక్టరు మొహం చిట్లించాడు.

"చిన్నదంటే ఎంత? ఆవగింజా, ఉసిరికాయా? ఇంత మిషను పెట్టుకుని చిన్నది, పెద్దది అని రాస్తారు. ఆ మాట చెప్పడానికి మిషనెందుకు?" అన్నాడు.

ఆయన చిరాకు చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. కొలత లేని మాట నాకూ గిట్టదు. ఆయన చెప్పింది ఇది. గడ్డ ప్రమాదకరమైన జాతి కాదు. ఇలాంటివి కొన్ని ఏళ్ళ తరబడి అలాగే పడి ఉంటాయి, కొన్ని పెరుగుతాయి. తీసేద్దామంటే, మొహాన్ని కదిలించే నరం దాన్ని ఆనుకునే పోతుంది. దానికి దెబ్బ తగిలితే మూతి వంకర పోతుంది, కన్ను మూతపడదు. చెవి పోవచ్చు. కాబట్టి పెరగనంతవరకూ ముట్టుకోకూడదు. ఏడాది ఆగి మళ్ళీ స్కాన్ తీసి, పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి కొలవాలి. పెరిగితే ఆపరేషను, లేకపోతే లేదు.

"నోటి లెక్కకి సెంటీమీటరున్నర ఉంటుంది. కానీ ఆ లెక్క నమ్మకండి. రెండు ఫిల్ములూ ఒకే రోజు, ఒకే చేత్తో కొలిస్తేనే తేడా తెలిసేది," అన్నాడు. లైటు పెట్టె మీద ఫిల్ము తగిలించి ఒక తల పక్కన నలుపులో గోటితో చూపించాడు. సన్నటి తెల్ల నిలువు గీత, దాని మీద చిన్న చిన్న అడ్డగీతలు. మన స్కేలు మీద ఉండేలాంటివే. "ఫిల్ము మీద తల అసలు తలకంటే చాలా చిన్నది. ఎంత చిన్నదో ఈ గీతలే చెబుతాయి. ఇవి లేకపోతే గడ్డ ఎంతుందో ఎవడూ చెప్పలేడు. జాగ్రత్తగా దాచండి."

నేను ఊరుకోకుండా ఆ మిషను ఎలా పనిచేస్తుందని అడిగాను. అలా అడిగినవాడు అంతకుముందు ఆయనకి తగిలినట్టు లేదు, కుర్చీ ముందుకి లాక్కుని చెప్పాడు. ఒంట్లో నీరు ఉన్న ప్రతిచోటా లెక్కలేనన్ని చిన్న చిన్న అయస్కాంతాలు ఉన్నాయనుకోమన్నాడు. మిషను వాటన్నిటినీ ఒక వరసలో నిలబెడుతుంది, రేడియో తరంగంతో ఒక్క తోపు తోస్తుంది, మళ్ళీ సర్దుకునేదాకా ఆగుతుంది. కొవ్వులో ఉన్నవి గబగబా సర్దుకుంటాయి, నీళ్ళలో ఉన్నవి నెమ్మదిగా. గడ్డలో ఉన్నవి తమ తీరున తాము. ఎంతసేపట్లో సర్దుకుంటాయో ఆ సమయాన్ని సెకనులో వెయ్యోవంతుల్లో కొలవొచ్చు. బయటి దేశాల్లో తెలుపు, నలుపు అని కంటితో చూసి చెప్పడం మాని ఆ అంకెలే రాయడం మొదలుపెట్టారట. మూర్ఛలొచ్చే వాళ్ళ మెదడులో ఫలానా చోటు ఎంత కుంచించుకుపోయిందో కొలుస్తున్నారట. తరచు రక్తం ఎక్కించుకునే పిల్లల కాలేయంలో ఇనుము ఎంత పేరుకుందో సూది గుచ్చకుండా తెలుసుకునే దారి వెతుకుతున్నారట. "మనకింకా అంత రాలేదు. మన చేతిలో ఉన్నది ఈ గీతల స్కేలే," అన్నాడు.

ఇదంతా ఆయన నాకు చెప్పాడు. నేను ప్రశ్నల మీద ప్రశ్నలు వేశాను. మా ఆవిడ పక్కన స్టూలు మీద కూచుని, తీసిన జడపిన్నుల్ని చేతిరుమాల్లో మూటగట్టుకుని, మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. బస్సు సబ్బవరం దాటాక అడిగింది.

"ఏటన్నారండీ?"

"ఏం ఫరవాలేదు. ఏడాది తరవాత మళ్ళీ రావాలి. ఆ ఫిల్ములు మాత్రం ముట్టుకోకు," అన్నాను.

అంతే. గంటసేపు డాక్టరు నాకు విప్పి చెప్పినదానికి నేను ఆవిడకి ఇచ్చింది ఆ మూడు ముక్కలు. ముట్టుకోవద్దని చెప్పానుగానీ ఎందుకు ముట్టుకోకూడదో చెప్పలేదు. చెప్పినా ఆవిడకేం అర్థమవుతుందిలే అనుకున్నాను. ఇప్పుడా మాట కాగితం మీద పెడుతుంటే చీదరేస్తోంది.

మర్నాడు స్టాఫ్ రూములో మాత్రం సుద్దముక్క పుచ్చుకుని మరీ చెప్పాను. బెల్లు కొట్టాక ఒక్కో క్లాసు సర్దుకోవడానికి ఒక్కోలా టైము పడుతుంది కదా, ఆరో తరగతి వేరు, పదో తరగతి వేరు, ఎమ్మారై సంగతీ అంతే అని పోల్చి చెబితే అందరూ భలే అన్నారు. తెలుగు మాస్టారు ఫిల్ము చూడాలన్నాడు. సాయంత్రం ఇంటికి రమ్మన్నాను.

ఇంతసేపూ ఊళ్ళోవాళ్ళని తిట్టాను. ఇక్కడ నా సంగతి దాచుకుంటే బాగుండదు. ఫిల్ము చూపించమని అడిగింది వాళ్ళయినా, బీరువా మీంచి కవరు దింపి, ట్యూబులైటు వేసి, పెన్సిలుతో చూపిస్తూ పాఠం చెప్పింది నేనే. రావికమతం నుంచి మా పెద్దమ్మ వాళ్ళొచ్చినా అదే పాఠం, వడ్డాది నుంచి మా మామగారొచ్చినా అదే పాఠం. ఇవి కళ్ళు, ఇది ముక్కు, ఇది చిన్న మెదడు, ఇదిగో గడ్డ, ఇవిగో దాన్ని కొలిచే గీతలు. జనం ఒకరి భుజం మీంచి ఒకరు వంగి చూసేవారు.

"ఈ తెల్లగున్నదేనేటండి? మా మరదలికీ ఇలాటిదే వస్తే కోసీసేరు. మనిషి దక్కలేదు," అంది ఎదురింటి ఆవిడ, మా ఆవిడ తెచ్చిన కాఫీ గ్లాసు ఆవిడ చేతిలోంచే అందుకుంటూ.

ఇంకో రోజు డ్రిల్లు మాస్టారు ఫిల్ముని తలకిందులుగా పట్టుకుని, "పోన్లెండి మాస్టారూ, మా సెల్లెమ్మకి బుర్ర ఉన్నట్టు రుజువైపోయింది," అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. వంటింట్లో అట్లకాడ చప్పుడు ఆగింది. కాసేపాగి మళ్ళీ మొదలైంది.

జబ్బు మనిషిది. తల మనిషిది. ఆ మనిషి అట్లు పోస్తుంటే పదిమంది హాల్లో కూచుని ఆవిడ మెదడుని వేలితో పొడుస్తున్నారు. ఇంతకంటే రోత పని నేను ఇంకొకటి చేసినట్టు గుర్తులేదు. ఆ రోజుల్లో మాత్రం అది సైన్సు ప్రచారం అనుకున్నాను.

నాలుగైదు నెలలకి ఊరికి ఇంకో రోగి దొరికాడు. షుగరు ఫ్యాక్టరీ దగ్గర లారీ తగిలి తుంటి విరిగినవాడు. జనం అటు పోయారు. కవరు బీరువా మీద దుమ్ము పట్టింది.

ఆ ఏడు దీపావళి మర్నాడు పొద్దున్నే సూర్యగ్రహణం పట్టింది. దానికి నెల ముందునుంచీ నేను ఊగిపోయాను. గ్రహణం రోజున తలుపులు బిగించుకుని, ఊరగాయ జాడీల్లో గరిక వేసి, కడుపుతో ఉన్నవాళ్ళని కదలనివ్వకుండా పడుకోబెట్టే మనుషులంటే నాకు మంట. ఆకాశంలో జరిగేది చూడమని క్లాసు క్లాసుకీ వెళ్ళి చెప్పాను. ఉత్త కళ్ళతో చూడొద్దు, ఇంట్లో పాత ఎక్స్‌రేలుంటే నల్లగా ఉన్నచోట కత్తిరించి, రెండేసి ముక్కలు కలిపి పట్టుకుని చూడండి అన్నాను. అదీ మంచిది కాదని తరవాత చెప్పారుగానీ, ఆ రోజుల్లో అందరం చేసింది అదే. ఊళ్ళో ఎక్స్‌రేలన్నీ పోగుచేసినా పిల్లలకి చాలవని ముందురోజు అన్నం తింటూ సణుక్కున్నాను.

పొద్దున్న నేను బయల్దేరుతుంటే మా ఆవిడ పేపర్లో చుట్టిన పొట్లం తెచ్చి చేతిలో పెట్టింది.

"సాలవన్నారు గదా. ఇంట్లో ఉన్న ఫిల్ములు కోసేను, పట్టికెళ్ళండి."

మా నాన్న పోయినప్పటి ఛాతీ ఎక్స్‌రేలు పెట్టెలో ఉండేవి. అవే అనుకున్నాను. స్కూలు గ్రౌండులో ముక్కలు పంచేశాను. ఒకటి నేనూ కంటికి పెట్టుకున్నాను. కొరికిన అప్పచ్చిలా ఉన్న సూర్యుడు నారింజరంగులో కనిపించాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. అంత మంచి నలుపు ఏ ఎక్స్‌రేలోనూ ఉండదని ఆ క్షణాన నాకు తట్టలేదు.

మళ్ళీ వేసవి మొదలవుతుంటే విశాఖపట్నం వెళ్ళాం. మళ్ళీ గొట్టం, మళ్ళీ ముప్పావుగంట. కొత్త ఫిల్ములు రాగానే డాక్టరు వాటిని లైటు పెట్టె మీద ఎడమపక్కన తగిలించి, పాతవి ఇమ్మని చెయ్యి చాపాడు. నేను కవరిచ్చాను. ఆయన దాన్ని వంచాడు.

బల్లమీద తలలు పడ్డాయి. ఇరవైనాలుగు తలలు, అప్పడాల్లా గుండ్రంగా, అంచులు ఎక్కడా చెదరకుండా శ్రద్ధగా కత్తిరించినవి. ఒకదాని మీద ఎర్ర కిళ్ళీ మరక ఇంకా ఉంది. చుట్టూ ఉండాల్సిన నలుపు లేదు. గీతలు లేవు. ఒక్కదాని పక్కన కూడా లేవు.

నాకు ఒళ్ళు తెలియలేదు. "బుద్ధుందా నీకు? ముట్టుకోవద్దని చెప్పానా లేదా? నీ ప్రాణం మీదికి నువ్వే తెచ్చుకుంటావా?" అని డాక్టరు ముందే అరిచాను. బయట బెంచీ మీదివాళ్ళు తలుపు సందులోంచి చూశారు.

మా ఆవిడ కంగారు పడలేదు. నేను ఏమిటి అరుస్తున్నానో నిజంగా అర్థంకానట్టు చూసింది.

"బొమ్మలు కొయ్యలేదండి. అందరికీ సూపించుకోడానికి అవి మీకు కావాలి గదా. ఒక్కటీ పాడవకుండా ఉంచేను. ఏటీ లేని నలుపే తీసేను," అంది.

డాక్టరు ఆ తలల్ని చూశాడు, నన్ను చూశాడు.

"ఈ గీతల సంగతి మీరు ఈవిడకి చెప్పలేదా?"

ఊళ్ళో అందరికీ చెప్పాను. తెలుగు మాస్టారికి చెప్పాను, డ్రిల్లు మాస్టారికి చెప్పాను, ఆరో తరగతి పిల్లలకి చెప్పాను.

ఆయన స్కాన్ సెంటరుకి ఫోను చేశాడు. ఏడాది కిందట మా ఆవిడ బొమ్మలు దాచిన టేపు మీద వేరేవాళ్ళవి ఎక్కించేశారట. ఫోను పెట్టేసి, నిట్టూర్చి, సొరుగులోంచి రెండు మొనల కొలత పరికరం తీశాడు. పెద్దవాళ్ళ తల పెరగదు, రెండు కనుగుడ్ల మధ్య దూరం ఏడాదిలో మారదు, కొత్త ఫిల్ములో దాన్ని కొలిచి ఆ లెక్కన పాత తలకి స్కేలు కట్టొచ్చు అన్నాడు. నాకు మళ్ళీ ఆశ పుట్టింది. సిగ్గులేకుండా, ఎంత చక్కటి ఉపాయం అని కూడా అనుకున్నాను. ఆయన అరగంట కొలిచాడు. రెండుసార్లు కొలిస్తే రెండు అంకెలొచ్చాయి. పాతదాంట్లో తల కొంచెం పక్కకి ఒరిగి ఉంది, కళ్ళు రెండూ ఒకే ముక్కలో సరిగ్గా పడలేదు.

"రెండు మిల్లీమీటర్లు పెరిగినట్టుంది. నా కొలతలో తప్పు కూడా రెండు మిల్లీమీటర్లు ఉండొచ్చు. పెరిగిందనీ చెప్పలేను, పెరగలేదనీ చెప్పలేను. కొయ్యమంటే దేన్ని చూసి కొయ్యను? ఆగమంటే దేన్ని నమ్మి ఆగను?" అని పరికరం బల్లమీద పడేశాడు.

నేను, ఇంకో ఆర్నెల్లు ఆగి మళ్ళీ తీయిద్దాం, ఈసారి కొత్తవి నా దగ్గరే ఉంచుతాను అంటూ మొదలుపెట్టాను. ఆయన చెయ్యెత్తి నన్ను ఆపాడు. కుర్చీ తిప్పి, ఏడాదిలో మొదటిసారి మా ఆవిడతో మాట్లాడాడు.

"అమ్మా, మీకెలా ఉంది?"

ఆవిడ ఎడమ చెవి మీద చెయ్యి పెట్టుకుంది.

"ఎడం సెవి వినపడ్డం లేదండి. సంక్రాంతెళ్ళిన కాడ్నుంచీ. హోరు కూడా పోయింది. ఏటీ లేదు."

డాక్టరు ఇనప శ్రుతిదండం బల్లకి కొట్టి ఆవిడ ఎడమ చెవి దగ్గర పెట్టాడు. దాని మోత నాకు వినిపిస్తోంది. ఆవిడ తల అడ్డంగా ఊపింది. అలాంటి శ్రుతిదండాలు మా స్కూలు లాబొరేటరీలో నాలుగున్నాయి. ఏటేటా వాటిని మోగించి శబ్దం పాఠం చెబుతాను. ఆ మూడు నెలలూ హాల్లోంచి పిలిస్తే పలకడం లేదని, పొగరని, ఆవిణ్ణి ఎన్నిసార్లు విసుక్కున్నానో నాకే తెలుసు.

ఆయన కాగితం మీద ఏదో రాసుకున్నాడు. "చెవి పోయిందంటే గడ్డ నరాన్ని నొక్కుతోందనే. ఇంక కొలతతో పనిలేదు. తీసేద్దాం," అన్నాడు.

గడ్డ తరవాత తీసేశారు. మొహానికి ఏమీ కాలేదు, చెవి తిరిగి రాలేదు. చెవి పోవడం మొదలైనప్పుడే వచ్చి ఉంటే కొంత దక్కేదేమోనని డాక్టరు ఒకసారి అన్నాడు. తప్పకుండా దక్కేదని అనలేదు. అది కూడా కొలవడానికి వీల్లేని సంగతే.

ఆ గదిలో మాత్రం నా నోరు ఊరుకోలేదు. "మూడు నెలల్నుంచీ వినపడకపోతే నాకొక్క ముక్క చెప్పొద్దా?" అన్నాను.

ఆవిడ నావైపు తిరగలేదు. డాక్టరుకే చెప్పింది.

"ఈయనకి సెప్తే ఊరందరూ వచ్చి నా సెవిలోకి సూస్తారండి."

డాక్టరు నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. ఆపరేషను కాగితం తీసి ఆవిడ ముందు పెట్టి, మొహం నరం ఎక్కడుందో, చెవి నరం ఎక్కడుందో, ఏది పోవచ్చో, ఏది మిగలొచ్చో పెన్నుతో బొమ్మ గీస్తూ మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టాడు. ఆవిడ కుడి చెవి ఆయనవైపు తిప్పి, బల్ల దగ్గరికి జరిగింది. నేనూ చూద్దామని స్టూలు దగ్గరికి లాక్కున్నాను.

"మీరు కాసేపు బయట కూసోండి," అంది.

వెళ్ళి బెంచీ మీద కూచున్నాను. పక్కనున్నాయన తన కవరు విప్పి ఎక్స్‌రే బయటికి లాగి, చూస్తారా అని నావైపు జరిపాడు.